నక్షత్రం దించిన తర్వాత

డిసెంబర్ 26 తెలంగాణలో సెలవు రోజే. అయినా బాన్సువాడలో చాలా ఇళ్లకు ఆ సెలవు అందదు. నిజాంసాగర్ కాలువ కింద యాసంగి నారుమళ్లు అప్పటికి పచ్చబడి ఉంటాయి. ముందుగా పోసుకున్న వాళ్లు నాట్లకు మనుషుల్ని వెతుక్కుంటూ ఉంటారు. నిన్న కొత్త చీర కట్టుకుని చర్చిలో పాట పాడిన అక్క ఇవాళ తెల్లారకముందే కొంగు నడుముకు బిగించి కైకిలికి పోతుంది. డిపోలో డ్రైవరుకు డ్యూటీ పడుతుంది, ఆసుపత్రిలో నర్సుకు షిఫ్టు ఉంటుంది. ఇంటి ముందు నక్షత్రం మాత్రం అలాగే వేలాడుతుంటుంది. సంక్రాంతి దాటేసరికి మంచుకు తడిసి దాని కాగితం ఒక కొన దగ్గర ఊడిపోతుంది, సీరియల్ లైట్ల తీగను కోతులు సగం లాగి వదిలేస్తాయి. దాన్ని ఎవరూ వెలిగించరు, ఎవరూ దించరు.

ఆ నక్షత్రాన్ని చూసి బాధపడేవాళ్లు రెండు రకాల మాటలంటారు. "అప్పుడే పండుగైపాయె, ఇల్లు బోసిపోయింది" అనేది ఒకటి. "ఇంకో నెల ఉంచుదాం, సందడిగా ఉంటది" అనేది రెండోది. రెండు మాటల వెనకా ఉన్న కోరిక ఒకటే. డిసెంబర్‌లో మన మనసులో, మన వాడలో ఒక వెచ్చదనం పుట్టింది, అది పోకూడదు. ఆ కోరిక మంచిదే. కానీ దాన్ని నిలబెట్టే బరువంతా రంగు కాగితం మీదా బల్బుల మీదా వేస్తాం, అవి మోయలేవు. నేను చెప్పేది రెండు ముక్కలు: అలంకరణకు గడువు పెట్టండి, ఉత్సాహానికి పని అప్పగించండి. మనం సాధారణంగా దీన్ని తలకిందులుగా చేస్తాం. అలంకరణకు గడువు ఉండదు, ఉత్సాహం మాత్రం 25 రాత్రి బిర్యానీతో ముగిసిపోతుంది.

ముందు గడువు సంగతి. క్రైస్తవ సంప్రదాయంలో క్రిస్మస్ ఒక్కరోజు పండుగ కాదు. డిసెంబర్ 25 నుంచి పన్నెండు రోజులు లెక్కపెట్టి, జనవరి 6న జ్ఞానుల రాకను తలచుకుంటారు. అర్మేనియా సంఘాలు క్రీస్తు పుట్టుకను ఆ జనవరి 6నే జరుపుకుంటాయి. రష్యాలో జనవరి 7న జరుపుతారు. యూరప్‌లో కొన్నిచోట్ల పాతకాలంలో ఫిబ్రవరి 2 దాకా, అంటే నలభై రోజులు, అలంకరణలు ఉంచేవారు. ఫిలిప్పీన్స్‌లో సెప్టెంబర్‌లోనే నక్షత్రాలు వేలాడదీస్తారు. కాబట్టి 26న దించకపోతే తప్పేమీ లేదు, ఫిబ్రవరి దాకా ఉంచినా పాపమేమీ లేదు. మన ఊరికి మాత్రం జనవరి 6 సరిగ్గా సరిపోతుందని నా అభిప్రాయం. కొత్త సంవత్సరం ఆరాధన అయిపోతుంది, సంక్రాంతి కోసం ఇల్లు దులిపే రోజులు దగ్గరపడతాయి, నక్షత్రం ఇంకా అందంగానే ఉంటుంది. పాడైపోయాక దించితే చెత్త తీసేసినట్టు ఉంటుంది. బాగున్నప్పుడే దించి దాచుకుంటే వచ్చే ఏడాది పెట్టె తెరిచే పిల్లలకు సంతోషం ఉంటుంది.

దించడం కూడా ఇంటిల్లిపాదీ కలిసి చేసే పనిగా పెట్టుకోండి. కట్టేటప్పుడు అందరం ఉంటాం, నిచ్చెన పట్టుకునే తమ్ముడు, తీగ అందించే చెల్లె, కింద నిలబడి "కొంచెం ఎడమకు" అనే నాయిన. దించేటప్పుడు మాత్రం అమ్మ ఒక్కతే మిగులుతుంది. జనవరి 6 సాయంత్రం ఆఖరిసారి లైట్లన్నీ వెలిగించి, చాయ్ తాగుతూ, ఈ పండుగకు మనింటికి ఎవరెవరు వచ్చారో ఒక్కొక్కరూ గుర్తుచేసుకోండి. అందరూ మరచిన పేరు ఏ చిన్నపిల్లకో గుర్తుంటుంది. ఆ తర్వాత మెయిన్ ఆపి పని మొదలుపెట్టండి.

కాగితం నక్షత్రం మంచుకు చెమ్మగా ఉంటుంది. దించగానే మడిచిపెడితే బూజు పడుతుంది. ఒక పూట ఇంట్లో ఫ్యాను కింద ఉంచి, ఆరాక, అది కొన్నప్పుడు ఉన్న మడతల వెంటే మడవాలి. వెదురు బద్దలతో ఇంట్లోనే కట్టిన నక్షత్రమైతే కాగితం చించి తీసేసి చట్రం దాచుకుంటే చాలు, వచ్చే ఏడాది కొత్త కాగితం అంటించడం పిల్లలకు మంచి పని. సీరియల్ లైట్లను ఉండగా చుట్టి సంచిలో కుక్కకండి. చెప్పుల డబ్బా అట్టను ముక్కగా కోసి, రెండు చివర్లా చిన్న గంటు పెట్టి, దాని చుట్టూ చుట్టండి. ఆ అట్ట మీదే "వరండా, రెండు మీటర్లు తక్కువ పడింది" అని రాసిపెట్టండి. తీగ ఎక్కడైనా ఒలిచిపోయి రాగి కనబడితే ఇప్పుడే నల్ల టేపు వేయించండి, లేదా పక్కన పారేయండి. డిసెంబర్ హడావుడిలో ఎవరూ చూడరు, పిల్లలు ముట్టుకుంటారు.

రేకుల ఇల్లయితే అటక మీద పెట్టవద్దు. ఏప్రిల్, మే ఎండలకు రేకు కింద ప్లాస్టిక్ పెళుసుబారి చేయి తగలగానే విరిగిపోతుంది. మంచం కింద రేకు పెట్టె మేలు, ఎలుకలు తీగలు కొరకలేవు. డాంబరు గోళీలు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి, వాటి బదులు ఎండిన వేపాకు గుడ్డలో కట్టి వేయండి. పశువుల పాక బొమ్మకు వాడిన వరిగడ్డికి మెరుపు పొడి, జిగురు అంటకపోతే పక్కింటి బర్రెకు వేయవచ్చు. అంటితే వేయకూడదు. థర్మాకోల్ ముక్కలు భోగి మంటలో వేసే అలవాటు కొన్ని వాడల్లో ఉంది. ఆ పొగ పిల్లలకూ ముసలివాళ్లకూ చెరుపు చేస్తుంది, మానుకోండి. వచ్చే ఏడాది చర్చి వేదికకు థర్మాకోల్ అక్షరాల బదులు గుడ్డ మీద కుట్టిన అక్షరాలు చేయించుకుంటే పదేళ్లు వస్తాయి. స్త్రీల మైత్రిలో కుట్టు వచ్చిన వాళ్లకు కొదవ ఉండదు.

ఇక ఒక్కటి మాత్రం దించకండి. అరచేయంత చిన్న నక్షత్రం, ఇంటి లోపల, కిటికీ దగ్గర. బయట వద్దు, కోతులున్నాయి. దాన్ని రోజూ వెలిగించవద్దు. ఖర్చుకు భయపడి చెప్పడం లేదు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రోజుకు పన్నెండు గంటలు వెలిగినా నెలకు మూడు యూనిట్లకు కొంచెం పైన కాలుతుంది (పాత 60 వాట్ల బల్బయితే ఇరవై ఒక్క యూనిట్లు దాటుతుంది, అది ఇంకా ఉంటే మార్చేయండి). రోజూ వెలిగే దీపాన్ని కళ్లు చూడటం మానేస్తాయి, అందుకే వద్దంటున్నాను. ఇంట్లో మంచి కబురు వచ్చిన రోజున వెలిగించండి. కూతురు పదో తరగతి పాసైంది, మస్కట్ నుంచి అన్న దిగిండు, అమ్మ షుగరు అదుపులోకి వచ్చింది. "ఏందక్కా, ఎండాకాలంలో నక్షత్రం పెట్టినవు?" అని వాడకట్టులో ఎవరో ఒకరు అడుగుతారు. అడిగిన వాళ్లను లోపలికి పిలిచి చాయ్ పోయండి. రెండు మూడు సార్లయ్యాక అడగకుండానే వస్తారు.

పని అప్పగించడం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డిసెంబర్‌లో మన యువకులు చేసే పనుల్లో గొప్పది కేరల్స్. చలిలో, మఫ్లర్లు చుట్టుకుని, డోలకు, కంజీర పట్టుకుని అర్ధరాత్రి దాటేదాకా ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్ల దగ్గర ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఏ ఇంటికి వెళ్లారు, ఎంత కానుక ఇచ్చారు అని అందులో రాసుకుంటారు. క్రిస్మస్ అయ్యాక లెక్క సంఘానికి అప్పజెప్పి ఆ పుస్తకాన్ని బీరువాలో పడేస్తారు. నాకు ఆ పుస్తకం చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఊళ్లో ఏ తలుపు వెనక ఎవరు ఒంటరిగా ఉన్నారో పాస్టరుగారికి కూడా అంత వివరంగా తెలియకపోవచ్చు, కేరల్స్ పిల్లలకు తెలుసు. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫ్‌కు పోయిన కుటుంబాలు ఎన్నో. హైదరాబాద్‌లో స్థిరపడ్డ కొడుకులు ఇంకొందరు. ఒక గుమ్మం ముందు పాట అయిపోయాక ముసలవ్వ మురుకులు పెడుతూ అడుగుతుంది:

"మల్ల ఎప్పుడొస్తరు బిడ్డా?"

"వచ్చే క్రిస్మస్‌కే అవ్వా!"

పిల్లలు ప్రేమగానే చెప్తారు. కానీ ఆ జవాబు మారాలి. పండుగ ఉత్సాహాన్ని నిలుపుకోవడమంటే నా దృష్టిలో మొట్టమొదట ఆ జవాబును మార్చడం.

ఇలా మొదలుపెట్టండి. జనవరి రెండో ఆదివారం ఆరాధన అయ్యాక యూత్ వాళ్లు ఆ నోటుపుస్తకం తెరిచి, ఒంటరిగా ఉన్నవాళ్ల పేర్ల పక్కన చుక్క పెట్టండి. ముగ్గురు కలిసి ఒక జట్టు. నెలకు ఒక జట్టుకు రెండిళ్లు, అంతకన్నా ఎక్కువ వద్దు. ఎక్కువ పెట్టుకుంటే మార్చికల్లా మానేస్తారు. పదో తరగతి, ఇంటర్ పిల్లలకు పరీక్షల నెలల్లో సెలవు ఇవ్వండి, వాళ్ల వంతు ఉద్యోగస్తులు తీసుకోవాలి. డోలకు వద్దు, చందా పుస్తకం అసలే వద్దు. అరగంట కూర్చోండి.

కూర్చుని ఏం చేయాలి? ఈ ప్రశ్న దగ్గరే చాలామంది వెనక్కి తగ్గుతారు. ప్రసంగం చేయాలేమోనని భయం. అక్కరలేదు. అవ్వ ఫోన్‌లో నిండిపోయిన ఫొటోలు తీసేసి, దుబాయిలో ఉన్న కొడుకుకు వీడియో కాల్ కలపండి. అక్కడ టైము మనకన్నా గంటన్నర వెనక. మనకు ఆదివారం సాయంత్రం ఆరైతే అతనికి నాలుగున్నర, చాలామందికి అప్పటికి డ్యూటీ కాకపోవచ్చు, ముందు మెసేజ్ పెట్టి కనుక్కోండి. బీపీ గోళీలు ఎన్ని మిగిలాయో చూడండి. పింఛను కాగితం ఏదైనా అర్థం కాక పక్కన పెట్టి ఉంటే చదివి చెప్పండి. ఆ తర్వాత, "ఏ పాట పాడమంటవు అవ్వా?" అని అడగండి. పాత తరం వాళ్లకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం అవసరం లేకుండా నోటికి వస్తాయి. పురుషోత్తమ చౌదరి గారు పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన కీర్తనలు చదువురాని అవ్వలు చరణం తప్పకుండా పాడటం మీరు విని ఉంటారు. కీబోర్డు పాటలు మాత్రమే తెలిసిన పిల్లలకు ఆ పాటలు నేర్చుకునే చోటు అదే. ఆమె అడిగిన పాట పేరు నోటుపుస్తకంలో ఆమె పేరు పక్కన రాసుకోండి.

రెండో పనికి బాన్సువాడలో ఒక చోటు సిద్ధంగా ఉంది. క్రిస్మస్ ఒక పురుడు చుట్టూ అల్లుకున్న పండుగ. ఇల్లు వదిలి దూరం వచ్చిన గర్భిణి, చోటు దొరకని రాత్రి. మన ఊళ్లో మాతా శిశు ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల మండలాల నుంచి ప్రసవాలకు వస్తారు. తల్లిపాలను ప్రోత్సహించడంలో ఆ ఆసుపత్రికి దేశంలోనే పేరు వచ్చింది. పశువుల పాక బొమ్మను ఎంతో శ్రద్ధగా కట్టే మనం, మార్చి నెల రాత్రి అక్కడ ఆరుబయట కునికిపాట్లు పడుతున్న బాలింత తల్లినీ అత్తనూ చూడకుండా దాటిపోకూడదు. నెలకొకసారి ఒక కుటుంబం సాయంత్రం పూట వెళ్లి, అక్కడి సిబ్బందిని అడిగి, తోడు వచ్చిన వాళ్లకు భోజనం పొట్లాలు ఇవ్వవచ్చు. ఉతికి ఎండలో బాగా ఆరేసిన మెత్తటి నూలు చీరలను పొత్తిగుడ్డలుగా కోసి పట్టుకెళ్లవచ్చు. పాలపొడి డబ్బాలు మాత్రం తీసుకెళ్లకండి, అక్కడి నర్సులు తల్లిపాల కోసం పడే కష్టమంతా వృథా అవుతుంది. వార్డులోకి గుంపుగా వెళ్లకండి, ఫొటోలు తీయకండి. ఎవరు ఏ మతమో అడగనే వద్దు.

పండుగను పనిగా మార్చిన వాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు. ఎల్లారెడ్డి మీదుగా వెళ్తే మెదక్ మనకు దగ్గరే. అక్కడి చర్చిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్, కరువు కాలంలో ఆకలితో వచ్చిన జనానికి కట్టడం పని ఇచ్చి తిండి పెట్టాడు. సుమారు పదేళ్లు సాగిన పని అది. 1924 డిసెంబర్ 25న ఆ చర్చిని ప్రతిష్ఠించారు. ఆ రోజు పండుగ ఒక్క రోజే, దాని వెనక ఉన్నవి పదేళ్ల అన్నం ముద్దలు. ఆ చర్చి రంగు అద్దాల కిటికీల్లో ఒకదాని మీద క్రీస్తు జననం ఉంది. ఎండ పడితే చాలు, ఏ నెలలోనైనా అది వెలుగుతుంది. క్రిస్మస్ రోజు లక్షల జనంలో తోసుకుంటూ చూడటం కన్నా, జూలైలోనో ఆగస్టులోనో ఎండ కాసిన ఒక రోజు పిల్లల్ని తీసుకెళ్లి నిదానంగా చూపించండి. డిసెంబర్ కాని నెలలో క్రిస్మస్ ముందు నిలబడటం పిల్లలకు చాలాకాలం గుర్తుంటుంది.

డిచ్‌పల్లి సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. నిజామాబాద్‌కు వచ్చిన స్కాట్లాండ్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్, భర్త జార్జితో కలిసి 1915లో అక్కడ కుష్ఠు రోగుల ఆసుపత్రి స్థాపించింది. డబ్బు ఇచ్చి ఆదుకున్నవాళ్లలో ముఖ్యుడు నిజామాబాద్‌కు చెందిన హిందూ దాత రాజా నర్సాగౌడ్. ఊళ్లు వెలేసిన మనుషులకు ఏడాది పొడవునా కట్టు కట్టే పని అది. మన జిల్లాల్లో క్రీస్తు పేరుతో జరిగిన మంచి పని మొదటి నుంచీ ఇరుగుపొరుగు చేతుల మీదుగానే నడిచింది.

అందుకే గిన్నె సంగతి చెప్తున్నాను. క్రిస్మస్‌కు మనం పక్కిళ్లకు గరిజెలు, మురుకులు, కేకు ముక్క పంపుతాం. ఎవరైనా ఏదైనా పంపిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకపోవడం తెలంగాణ ఇళ్లలో పెద్దలు నేర్పిన మర్యాద. సంక్రాంతికి ఆ గిన్నెలో సకినాలు వస్తాయి. ఆ తర్వాత చాలా ఇళ్లలో గిన్నె ఆగిపోతుంది. దాన్ని ఆపకండి. 2026లో మన నలభై రోజుల శ్రమదినాలూ రంజాన్ నెలా ఒకే వారంలో మొదలయ్యాయి. రెండిళ్లలోనూ ఉపవాసమే. అటువంటి రోజుల్లో సాయంత్రం పూట నాలుగు ఖర్జూరాలూ కోసిన పండ్లూ పక్కింటి ఖాలాకు పంపితే, ఈద్ రోజు షీర్ ఖుర్మా కోసం మనం ఎదురుచూడటంలో నిండుదనం ఉంటుంది. ఉగాదికి పచ్చడి వస్తుంది, ఈస్టరుకు మనం పంపుతాం. నెలకు ఒక్కసారైనా గిన్నె కదలాలి, అంతే లెక్క. పండుగ లేని జూన్‌లో మామిడికాయ తొక్కు ఉంది కదా.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ అధ్యాయం నిజాయితీగా ఉండదు. జనవరిలో చాలామందికి ఉత్సాహం చచ్చిపోవడానికి మొదటి కారణం అప్పు. పిల్లలకు బట్టలు, మటన్, చర్చి చందా, బంధువుల రాకపోకలు. చేబదులు తీసుకున్నవాడు జనవరిలో నక్షత్రం వైపు చూస్తే అతనికి బాకీ గుర్తొస్తుంది. జనవరి నుంచి నవంబర్ దాకా నెలకు 200 రూపాయలు పక్కన పెడితే పండుగకు 2,200 చేతిలో ఉంటాయి. మహిళా సంఘంలో ఎలాగూ పొదుపు చేస్తున్న అక్కలు దానికి వేరే డబ్బా పెట్టుకుంటే సరిపోతుంది. చేతిలో ఉన్నంతలోనే పండుగ చేయండి. పిల్లలకు ముందుగానే చెప్పండి, వాళ్లు మనం అనుకున్నదానికన్నా బాగా అర్థం చేసుకుంటారు.

ఇంకొక ఇల్లు ఉంటుంది ప్రతి వాడలోనూ. ఆ ఏడాది మనిషి పోయిన ఇల్లు. అక్కడ నక్షత్రం కట్టి ఉండరు, లేదా పిల్లల కోసం కట్టి 26నే దించి ఉంటారు. "పండుగ పూట ఏడవొద్దు" అని వాళ్లకు చెప్పకండి. ఈ ఉత్సాహం పాఠమంతా వాళ్లకు వర్తించదు. నోటుపుస్తకంలో ఆ ఇంటికి చుక్క పెట్టి, జట్టులో పెద్దవాళ్లు మాత్రమే వెళ్లండి. పోయిన మనిషి పేరు తీసి మాట్లాడండి. పేరు ఎత్తితే బాధపడతారని అందరూ తప్పించుకుంటారు గానీ, ఎవరూ ఆ పేరు పలకకపోవడమే వాళ్లను ఎక్కువ బాధిస్తుంది.

నవంబర్ ఆఖరి వారంలో రేకు పెట్టె బయటికి తీయండి. బల్బులు పగలే వెలిగించి చూసుకోండి, తక్కువపడ్డ తీగ కొనండి. యూత్ వాళ్లు పాత నోటుపుస్తకం ముందు పెట్టుకుని కేరల్స్ దారి గీయాలి. దారి ఎప్పుడూ పాస్టరుగారి ఇంటితోనో, బాగా కానుక ఇచ్చే ఇళ్లతోనో మొదలవుతుంది. ఈసారి చుక్కలు పెట్టిన ఇళ్లతో మొదలుపెట్టండి. అవి అర్ధరాత్రి దాటాక వస్తే అవ్వలు మేలుకుని ఉండలేరు. ఎనిమిది గంటలకే వాళ్ల గుమ్మం ముందు ఉండండి, ఏడాదంతా వాళ్లు అడిగిన పాటలు మీ దగ్గర రాసి ఉన్నాయి కాబట్టి, ఒక్కో ఇంటి దగ్గర ఆ పాటనే ఎత్తుకోండి.